కొన్న ఇంటిలో కలిసిపోయిన పొరుగువాని నేల

 

ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా ముందు నన్ను నేను, ఆపైన మిమ్మల్ని హెచ్చరించుకుంటున్నాను. నమాజులో, ఉపవాసంలో భయభక్తులను గురించి మనం తరచుగా వింటూ ఉంటాము. ఈనాటి ప్రసంగంలో గోడల విషయంలో, హద్దురాళ్ళ విషయంలో వహించవలసిన భయభక్తులను గురించి చెప్పుకుందాము.

ఒక వ్యక్తి జీవితమంతా కూడబెట్టిన సొమ్ముతోనో, గల్ఫ్ దేశంలో ఏళ్ళ తరబడి చెమటోడ్చి పంపిన సొమ్ముతోనో ఒక ఇల్లు కొంటాడు. దస్తావేజులో 200 గజాలని వ్రాసి ఉంది. వెడల్పు 30 అడుగులు, పొడవు 60 అడుగులు. నాలుగు దిక్కుల చెక్కుబందీ స్పష్టంగా ఉంది. రిజిస్ట్రేషన్ పూర్తయింది, కుటుంబం ఇంట్లో దిగింది. రెండేళ్ళ తరువాత తూర్పున ఉన్న పొరుగువాడు తన పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకోదలచి సర్వేయరును పిలిపించాడు. కొలిస్తే తేలిందేమిటంటే, మనవాడు కొన్న ఇంటి తూర్పు గోడ అడుగున్నర మేర పొరుగువాని స్థలంలో నిలిచి ఉంది. అడుగున్నర వెడల్పు, 60 అడుగుల పొడవు. అంటే 90 చదరపు అడుగులు, సరిగ్గా 10 గజాలు. ఆ గోడ కట్టినవాడు ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోయాడు. కొన్నవాడు అందులో ఒక్క ఇటుక కూడా పేర్చలేదు.

ఇటువంటి స్థితిలో మనిషి నోటినుండి మూడు మాటలు వస్తాయి. నేను డబ్బిచ్చి కొన్నాను. నేనేమీ ఆక్రమించలేదు. స్థలం నా పేరున రిజిస్టరై ఉంది. సోదరులారా! ఈ మూడు మాటలూ నిజమే. అయినా ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఆ 10 గజాలను అతనికి హలాల్ చేయలేదు. ఆ నేల నిన్న పొరుగువానిది, నేడూ పొరుగువానిదే. మారింది ఒక్కటే. నిన్నటి వరకు అతనికి తెలియదు, నేడు తెలిసింది. తెలిసిన ఆ ఘడియ నుండి అతను అల్లాహ్ సమక్షంలో జవాబుదారీ అయ్యాడు.

ఎందుకు ఇలా అంటున్నామో ఒక్కొక్క మాటా తీసుకుని చూద్దాము.

డబ్బిచ్చి కొన్న మాట

క్రయవిక్రయం అంటే అమ్మేవాని హక్కు కొనేవానికి బదిలీ కావడం. అతని చేతిలో లేని హక్కు ఎవరికీ బదిలీ కాదు. హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) వ్యాపారి. తన వద్ద లేని సరుకును అడిగినవారికి ముందు అమ్మి, తరువాత బజారులో కొని ఇవ్వవచ్చునా అని ఆయన దైవప్రవక్త (స) ను అడిగారు. నీ వద్ద లేనిదానిని అమ్మవద్దని ప్రవక్త (స) వారించారు. చేతికి వస్తుందని ఆశించే సరుకు విషయంలోనే ఇంత కట్టుదిట్టమైతే, పొరుగువాని నేలను తనదిగా చూపి అమ్మడం గురించి వేరే చెప్పనక్కరలేదు. అటువంటి అమ్మకం అసలు చెల్లదని కొందరు ధర్మవేత్తలు, యజమాని ఒప్పుకునే వరకు నిలిచిపోయి ఉంటుందని మరికొందరు అభిప్రాయపడ్డారు. హనఫీ ధర్మవేత్తలు రెండవ అభిప్రాయం వారు. ఏ అభిప్రాయం ప్రకారం చూసినా, యజమాని అంగీకరించనంత వరకు ఆ నేల కొన్నవానిది కాదు.

అయితే అతను చెల్లించిన సొమ్ము మాటేమిటి? ఆ సొమ్ము అమ్మినవాని మీద బాకీ. దానిని అమ్మినవాని వద్ద వసూలు చేసుకోవాలి గాని, పొరుగువాని నేలను పట్టుకుని కూర్చుని వసూలు చేసుకోకూడదు. మనలో చాలామంది తడబడేది ఇక్కడే. తనను మోసగించినవాడు ఒకడైతే, నష్టం మరొకనికి కలిగిస్తారు.

తాను దేనిని కొన్నాడో, దేనిని కొనలేదో కొనుగోలుదారుకు ఎంత స్పష్టంగా తెలిసి ఉండాలో పూర్వపు సముదాయానికి చెందిన ఇద్దరు మనుషుల కథలో దైవప్రవక్త (స) మనకు తెలియజేశారు. ఇది బుఖారీలో ఉంది. ఒకడు మరొకని వద్ద భూమి కొన్నాడు. అందులో బంగారం నిండిన కుండ బయటపడింది. కొన్నవాడు దానిని మోసుకుని వెళ్ళి అమ్మినవానికి ఇవ్వబోయాడు, తాను కొన్నది నేలనే గాని బంగారాన్ని కాదన్నాడు. అమ్మినవాడేమో నేలతోపాటు అందులో ఉన్నదంతా అమ్మేశానన్నాడు. ఇద్దరూ ఆ బంగారాన్ని వద్దంటే వద్దని మధ్యవర్తి వద్దకు వెళ్ళారు. ఒకనికి కొడుకు, మరొకనికి కూతురు ఉన్నారని తెలుసుకున్న ఆ మధ్యవర్తి, వారిద్దరికీ పెళ్ళి చేసి ఆ సొమ్మును వారికోసం ఖర్చు చేసి, దానధర్మాలు చేయమన్నాడు. తన నేలలోనే దొరికిన కుండను తనదనడానికి ఆ మనిషి సందేహించాడు. ఇక్కడ మనం పక్కవాని నేలలో నిలిచి ఉన్న గోడను గురించి మాట్లాడుకుంటున్నాము.

నేను ఆక్రమించలేదన్న మాట

తెలియని కాలానికి పాపం లేదు. ఈ ఊరట ఇస్లాం ధర్మం అతనికి ఇచ్చింది. కాని తెలియకపోవడం పాపాన్ని తొలగిస్తుందే తప్ప ఎదుటివాని హక్కును తొలగించదు. చీకటిలో పొరపాటున మరొకరి చెప్పులు వేసుకుని మస్జిదు నుండి ఇంటికి వచ్చినవాడు దొంగ కాడు. వెలుతురులో చూసుకున్న తరువాత కూడా వాటినే తొడుక్కుని తిరిగితే అతనిని ఏమనాలి?

నేల విషయంలో వచ్చిన హెచ్చరిక మామూలుది కాదు. అన్యాయంగా జానెడు నేలను తీసుకున్నవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల బరువు హారంగా చుట్టబడుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఈ హదీసును ఉల్లేఖించినవారిలో హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) ఒకరు. ఆయన స్వర్గ శుభవార్త పొందిన పదిమంది సహచరులలో ఒకరు, హజ్రత్ ఉమర్ (రజి) సోదరి ఫాతిమా (రజి) భర్త. మదీనా సమీపంలోని అఖీఖ్‌లో ఆయనకు భూమి ఉండేది. అర్వా బిన్తె ఉవైస్ అనే స్త్రీ, ఆయన తన నేలలో కొంత భాగం కలుపుకున్నారని మదీనా పాలకుడు మర్వాన్ బిన్ హకమ్ వద్ద ఫిర్యాదు చేసింది. హజ్రత్ సయీద్ (రజి) తన వాంగ్మూలంలో సాక్షులను గాని, పత్రాలను గాని చూపలేదు. ప్రవక్త (స) నోట ఆ జానెడు నేల హెచ్చరిక విన్న తరువాత కూడా నేను ఈమె నేల తీసుకుంటానా అని అడిగారు. దీని తరువాత మిమ్మల్ని ఏ సాక్ష్యమూ అడగనని మర్వాన్ అన్నాడు. అప్పుడు సయీద్ (రజి) ఆ నేలను ఆమెకే వదిలివేశారు. ఆమె అబద్ధం చెబుతూ ఉంటే ఆమె చూపు పోవాలని, ఆ నేలలోనే ఆమె అంతం కావాలని దుఆ చేశారు. కొంతకాలానికి ఆమె చూపు పోయింది. గోడలు తడుముకుంటూ నడిచేది. చివరకు తన నేలలోనే ఒక గోతిలో పడి మరణించింది. సహీహ్ ముస్లింలో ఈ ఉదంతం ఉంది.

దీనిని చెప్పుకునేటప్పుడు మనం సాధారణంగా అర్వాకు పట్టిన గతిని గురించే చెప్పుకుంటాము. సయీద్ (రజి) చేసిన పనిని గురించి అంతగా ఆలోచించము. తనదని తెలిసిన నేలను సైతం వివాదంలో పడగానే ఆయన వదులుకున్నారు. అలా వదులుకొమ్మని ధర్మం మనల్ని నిర్బంధించదు. తన హక్కు కోసం పోరాడడం న్యాయమే. కాని తనది కాదని సర్వే గొలుసు చెప్పిన తరువాత కూడా పది గజాలను వదలలేని మనసు ఆ మహనీయుని మనసుకు ఎంత దూరంలో ఉందో మనమే లెక్క వేసుకోవాలి.

భూమి హద్దురాళ్ళను మార్చివేసేవానిపై అల్లాహ్ శాపం ఉంటుందని హజ్రత్ అలీ (రజి) ఉల్లేఖించిన హదీసు కూడా ముస్లింలో ఉంది. రాత్రికి రాత్రి రాయి పీకి పాతినవాడు మాత్రమే ఇందులోకి వస్తాడనుకోకండి. పక్కవాడు ఊళ్ళో లేని సమయం చూసి ఆ తప్పుడు గోడకు మరో వరుస లేపి, దానిమీద పై అంతస్తు వేసి, ఇక తీయడానికి వీలులేకుండా చేసేవాడు చేస్తున్నదీ అదే పని.

రిజిస్టరై ఉందన్న మాట

రిజిస్ట్రేషన్ చట్టం వచ్చి వందేళ్ళు దాటింది. 1908 నాటి ఆ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రారు దస్తావేజును నమోదు చేస్తారు. టేపు పట్టుకుని వచ్చి గోడ ఎవరి స్థలంలో ఉందో కొలిచి చూడరు. అమ్మేవాడు 30 అడుగులని వ్రాయిస్తే 30 అని నమోదవుతుంది. మనం ఎంతో నమ్మే ఈ.సి. కూడా ఆ ఆస్తిపై ఏయే దస్తావేజులు నమోదయ్యాయో చెబుతుందే గాని, నేలమీద ఇల్లు ఎక్కడివరకు ఉందో చెప్పదు. కాబట్టి పత్రం శుభ్రంగా ఉండి, గోడ తప్పుగా ఉండడం సాధ్యమే. పాత గ్రామకంఠాలలో ఇది మరీ ఎక్కువ. అక్కడ ఇంటింటికీ సర్వే విభజన ఉండదు. తూర్పున ఫలానా వారి ఇల్లు, పడమట ఫలానా వారి దొడ్డి అని మాత్రమే వ్రాసుకుంటారు. ఆ ఫలానా వారు ఎప్పుడో పోయారు, దొడ్డి గోడ రెండుసార్లు కూలి రెండుసార్లు లేచింది.

అధికారిక పత్రం, తీర్పు అనేవి పరలోకంలో ఎంతవరకు పనికివస్తాయో దైవప్రవక్త (స) తమ తీర్పునే ఉదాహరణగా చేసి చెప్పారు. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖన సారం ఇది: తానూ మనిషేనని, తన వద్దకు వచ్చేవారిలో ఒకరు మరొకరికంటే వాదనలో నేర్పరి కావచ్చునని, తాను విన్నదానిని బట్టే తీర్పు ఇస్తానని, అలా ఎవరికైనా అతని సోదరుని హక్కును ఇచ్చివేసి ఉంటే తాను అతనికి కోసి ఇచ్చింది అగ్ని ముక్క అని ఆయన అన్నారు. స్వయంగా ప్రవక్త (స) ఇచ్చిన తీర్పే పరాయి సొమ్మును హలాల్ చేయనప్పుడు, ఆఫీసులో పడిన ముద్ర చేస్తుందా?

ఇక్కడ మరొక ప్రమాదకరమైన ఆలోచనను గురించి హెచ్చరించవలసి ఉంది. కొందరు సలహాదారులు చెవిలో చెబుతారు: ఏమీ మాట్లాడకు, పన్నెండేళ్ళు గడవనీ, ఆపైన ఎవడూ ఏమీ చేయలేడు అని. మన దేశపు 1963 నాటి లిమిటేషన్ చట్టంలో, కొన్ని షరతులతో, 12 సంవత్సరాల పాటు యజమానికి వ్యతిరేకంగా బహిరంగంగా అనుభవించిన స్థిరాస్తిపై అసలు యజమాని దావా హక్కును కోల్పోవడమనే నియమం ఉన్నమాట నిజమే. అది న్యాయస్థానాల సౌకర్యానికి, పాత వివాదాలకు ముగింపు పలకడానికి ఏర్పడిన నియమం. ముస్లిం న్యాయశాస్త్ర చరిత్రలోనూ దీనిని పోలిన ఏర్పాటు ఉంది. ఉస్మానీ సామ్రాజ్యంలో 1869, 1876 సంవత్సరాల మధ్య హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా కూర్చిన ‘మజల్లా’ అనే న్యాయస్మృతి, సాధారణంగా 15 సంవత్సరాలు దాటిన దావాలను ఖాజీ వినరాదని చెబుతుంది. కాని ఆ వెంటనే, కాలం గడిచినంత మాత్రాన హక్కు రద్దు కాదని, ప్రతివాది స్వయంగా ఒప్పుకుంటే కాలాన్ని లెక్కించకుండా హక్కు చెల్లించవలసిందేనని కూడా చెబుతుంది. ఖాజీ తలుపు మూసుకోవచ్చు, బాకీ మాత్రం మిగిలే ఉంటుంది. పన్నెండేళ్ళు మౌనంగా కాచుకుని కూర్చున్నవాడు పన్నెండేళ్ళపాటు ప్రతిరోజూ ఆ నేలను తీసుకుంటూ వచ్చాడన్నమాట.

ఆ గదిలో చేసిన నమాజు సంగతేమిటని కొందరు అడుగుతారు. ఆక్రమిత స్థలంలో నమాజు చెల్లుతుంది గాని పాపం అంటుకుంటుందని అధిక సంఖ్యాక ధర్మవేత్తలు అన్నారు. హంబలీ ధర్మవేత్తల ప్రసిద్ధ అభిప్రాయం ప్రకారం అది చెల్లనే చెల్లదు. అంత చిక్కు తెచ్చిపెట్టుకోవడం ఎందుకు?

ఇప్పుడేమి చేయాలి?

అన్నిటికంటే ముందు, ఆ భాగంలో కొత్త పనేదీ చేయరాదు. మేస్త్రీని ఆపివేయాలి. తరువాత పొరుగువానికి తెలియజేయాలి. అతనికి ఇంకా తెలియకపోయినా తెలియజేయాలి. ఇది కష్టమైన మెట్టు. కాని దీనిని దాటకుండా మిగిలినవేవీ సాగవు. ఇద్దరూ కలిసి, ఒకే సర్వేయరుతో, ఇద్దరి దస్తావేజులూ లింకు డాక్యుమెంట్లూ పరచుకుని కొలిపించుకోవాలి. ఒకరు పిలిచిన సర్వేయరు కొలతను మరొకరు నమ్మకపోవడం వల్లనే సగం తగాదాలు పుడుతున్నాయి. గోడ ఒక్కటే చూసి ఊరుకోకూడదు. పునాది, సన్‌షేడు, మెట్లు, మురుగు కాలువ, సెప్టిక్ ట్యాంకు, చూరు నీళ్ళు పడే చోటు, అన్నీ చూడాలి. నేల యజమాని ఆ నేలకు పైనున్న గాలికీ యజమానేనని ఫుఖహాలు స్పష్టంగా చెప్పారు. కాబట్టి గోడ హద్దులోనే ఉన్నా, సన్‌షేడు రెండడుగులు పక్కింటిపైకి వాలి ఉంటే ఆ రెండడుగులకూ జవాబు చెప్పాలి.

కొలత తేలిన తరువాత ఎంపిక పొరుగువానిది. అతను ఆ 10 గజాలను అమ్మవచ్చు, అద్దెకు ఇవ్వవచ్చు, మరో వైపున అంత నేలకు మార్పిడి చేసుకోవచ్చు, లేదా నా నేల నాకు కావాలి, గోడ తీయండి అనవచ్చు. మనవాడు బతిమాలవచ్చు, పెద్దమనుషులను కూర్చోబెట్టవచ్చు. ఒత్తిడి మాత్రం చేయరాదు. పదిమంది బంధువులను వెంటేసుకుని వెళ్ళి రాయించుకున్న అంగీకారం అంగీకారం కాదు. కుదిరిన ఒప్పందాన్ని, అది ఎంత చిన్నదైనా, పత్రం మీద వ్రాసుకుని సాక్షులను పెట్టుకోవాలి. అప్పు వ్యవహారాలను వ్రాసి పెట్టుకొమ్మని ఖుర్ఆన్‌లోని అత్యంత దీర్ఘమైన వాక్యం మనకు బోధించింది. నేల వ్యవహారానికి అది మరింత అవసరం. అమ్మకమైతే రిజిస్టరు కూడా చేయించాలి. లేకుంటే రేపు అతని పిల్లలకూ మన పిల్లలకూ మళ్ళీ ఇదే తగాదా.

పొరుగువాడు గోడ తీయమంటే తీయక తప్పదా అన్న ప్రశ్న వస్తుంది. ఒకరి నేలలో మరొకడు ఖర్జూరపు చెట్లు నాటగా, నేల యజమానికే చెందుతుందని, నాటినవాడు తన చెట్లను పెకలించుకుని పోవాలని దైవప్రవక్త (స) తీర్పు చెప్పిన ఉదంతం అబూ దావూద్‌లో ఉంది. ఎత్తుగా ఎదిగిన ఆ చెట్ల వేళ్ళను గొడ్డళ్ళతో నరకడం తాను చూశానని ఒక ఉల్లేఖకుడు చెప్పాడు. అది తెలిసి చేసిన దౌర్జన్యం. తెలియక, తనదేనని నమ్మడానికి తగిన కారణంతో కట్టినవాని విషయంలో మాత్రం ఫుఖహాలు కొంత వెసులుబాటు చూపారు. తండ్రి నుండి సంక్రమించిన స్థలమనుకుని ఒకడు ఇల్లు కట్టగా తరువాత అసలు హక్కుదారు వస్తే, కట్టడం విలువ నేల విలువకంటే ఎక్కువైన పక్షంలో, కట్టినవాడు నేల విలువ చెల్లించి దానిని తీసుకోవచ్చునని మజల్లా చెబుతుంది. మన దేశపు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనూ సద్భావంతో అభివృద్ధి చేసినవానికి కొంత రక్షణ ఉంది. ఇటువంటి సందర్భంలో సొంత తెలివితో నిర్ణయించుకోకుండా, ఒక ముఫ్తీ గారినీ ఒక న్యాయవాదినీ ఇద్దరినీ సంప్రదించాలి.

తెలిసిన నాటి నుండి అతని నేలను వాడుకున్నందుకు అద్దె ఇవ్వాలా? షాఫయీ, హంబలీ ధర్మవేత్తలు ఇవ్వాలన్నారు. హనఫీలలో పూర్వులు సాధారణంగా అక్కరలేదన్నప్పటికీ, అది అనాథ ఆస్తి అయినా, వక్ఫ్ ఆస్తి అయినా ఇవ్వవలసిందేనని తరువాతి వారు ఫత్వా ఇచ్చారు. వక్ఫ్ మాట వచ్చింది గనుక ఒక విషయం. మన పాత మొహల్లాలలో ఎన్నో ఇళ్ళ వెనుక గోడలు ఖబరస్తాన్ స్థలంలోకో, దర్గా స్థలంలోకో జరిగి ఉన్నాయి. అక్కడ పొరుగువాడు మాట్లాడడు. ముతవల్లీ తెలిసినవాడైతే ‘పోనివ్వండి’ అంటాడు. ఆ పోనివ్వడానికి అతనికి అధికారం లేదు, ఎందుకంటే ఆ ఆస్తి అతనిది కాదు.

అమ్మినవానితో లెక్క

కొన్నవానికి రెండు దారులున్నాయి. ఆ భాగం లేకుండా ఇల్లు తనకు పనికిరాదనుకుంటే మొత్తం బేరాన్ని రద్దు చేసుకుని పూర్తి సొమ్ము వెనక్కి కోరవచ్చు. లేదా మిగిలిన ఇంటిని ఉంచుకుని, పోయిన భాగానికి తగిన ధర కోరవచ్చు. ఉదాహరణకు స్థలం గజం 20,000 రూపాయల చొప్పున 200 గజాలకు 40 లక్షలు ఇచ్చి ఉంటే, 10 గజాలకు 2 లక్షలు అమ్మినవాడు తిరిగి ఇవ్వాలి. దస్తావేజులో ఒక ధర, చేతులు మారిన సొమ్ము మరొకటి అన్న దురలవాటు మనలో ఎంతగా పాతుకుందో తెలిసిందే. అటువంటి చోట అమ్మినవాడు దస్తావేజులోని తక్కువ ధర చూపించి తప్పించుకోజూస్తాడు. అతను బాకీ ఉన్నది పుచ్చుకున్న సొమ్ముకే, వ్రాయించిన అంకెకు కాదు. అమ్మినవాడు మరణించి ఉంటే ఇది అతని అప్పు. వారసులు ఆస్తి పంచుకునే ముందు తీర్చవలసిన అప్పులలో ఇదీ ఒకటి.

అమ్మినవానికి ఈ సంగతి తెలిసి ఉండి దాచాడా? అయితే అతను రెండు అపరాధాలు చేశాడు. లోపమున్న వస్తువును ఆ లోపం చెప్పకుండా అమ్మడం ముస్లింకు ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు. కొనేవాడూ అమ్మేవాడూ నిజం చెప్పి, లోపాలను బయటపెడితే వారి వ్యాపారంలో శుభం ఉంటుందని, దాచితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని కూడా తెలిపారు. ఆస్తి బదిలీ చట్టం సైతం తనకు తెలిసిన హక్కు లోపాన్ని కొనేవానికి చెప్పే బాధ్యతను అమ్మేవానిపై ఉంచింది. ఈ నియమం రేపు మనవానికీ వర్తిస్తుంది. పొరుగువానితో తెగలేదు గదా, నష్టానికైనా సరే ఎవరికో అమ్మి బయటపడదామని చూస్తే, తనకు జరిగిన మోసాన్నే అతను మూడోవానికి చేసినట్లవుతుంది.

మరొక చిక్కును కూడా చెప్పుకోవాలి. కొన్ని లేఔట్లలో తప్పు ఒక ఇంటితో ఆగదు. మొదటి ప్లాటు గుర్తులు ఒక అడుగు పక్కకు జరిగితే, వరుసలోని ఇళ్ళన్నీ ఒక్కో అడుగు జరుగుతాయి. మధ్యనున్న ప్రతివానికీ ఒక వైపు పోయింది, మరో వైపు వచ్చింది. వారు పరస్పర అంగీకారంతో మార్పిడి చేసుకుని, పత్రాలను సరిదిద్దించుకుంటే చాలు. వరుస చివరనున్నవానికి మాత్రం పోవడమే గాని రావడం లేదు. అందరికీ సరిపోయింది గదా అని అతనిని మరచిపోతారు. అతనికి నష్టపరిహారం ఎవరెంత ఇవ్వాలో వరుసవారంతా కూర్చుని తేల్చాలి.

కొనే ముందు ఈ శ్రమ పడితే తరువాతి శ్రమ చాలావరకు తప్పుతుంది. బయానా ఇచ్చే ముందే కొలిపించండి. కొలిచేటప్పుడు నాలుగు వైపుల పొరుగువారినీ పిలవండి. గోడ ఎవరిదని అడగండి. పొరుగువానితో మాట్లాడనివ్వకుండా తొందరపెట్టే అమ్మకందారును, మధ్యవర్తిని అనుమానించండి. ఇంటికి ముందు పొరుగును చూసుకొమ్మని పెద్దలు ఊరకే అనలేదు.

పొరుగువాని వైపు

ఇంతవరకు కొన్నవానికి చెప్పుకున్నాము. పొరుగువానికీ కొన్ని మాటలున్నాయి. తన నేల తాను కోరుకోవడం అతని హక్కు. ఎదుటివాడు ఇరుకున పడ్డాడు గదా అని గజానికి పదింతల ధర పిండడం మాత్రం సచ్ఛీలుని లక్షణం కాదు. పొరుగువాడు తన గోడలో దూలం దించుకుంటానంటే అడ్డుపడవద్దని ప్రవక్త (స) చెప్పినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. విన్నవారు అంత ఉత్సాహం చూపకపోవడంతో ఆయన, మీరు ముఖం తిప్పుకున్నా ఈ మాటను మీ భుజాల మధ్య పడవేసి తీరుతానన్నారు. సహచరుల కాలంలోనే ఆ మాట కొందరికి బరువుగా తోచిందంటే, మనకు తోచడంలో వింత లేదు.

హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఆవరణలో హజ్రత్ అబూ రాఫె (రజి) కు రెండు గదులుండేవి. ఒకరి ఆవరణలో మరొకరి ఇల్లు, అంటే మన విషయమే. వాటిని కొనుక్కొమ్మని అబూ రాఫె (రజి) సఅద్ (రజి) ను కోరారు. వాయిదాల మీద 4,000 దిర్హములకు మించి ఇవ్వనని సఅద్ (రజి) అన్నారు. బయటివారు అంతకంటే ఎక్కువగా 500 దీనార్లు ఇవ్వజూపి ఉన్నారు. అయినా, ఆనుకుని ఉన్నవానికే ముందు హక్కు అని ప్రవక్త (స) నోట విని ఉండకపోతే ఇంత తక్కువకు ఇచ్చేవాడిని కానని చెప్పి, అబూ రాఫె (రజి) ఆ గదులను ఆయనకే ఇచ్చివేశారు. బుఖారీలో ఉన్న ఈ బేరంలో ఎవరూ ఎవరినీ నిర్బంధించలేదు.

పొరుగువాడు ముస్లిమేతరుడైతే తేడా ఏమైనా ఉందా? లేదు. దగ్గరి పొరుగువాని పట్ల, పరాయి పొరుగువాని పట్ల కూడా సద్వర్తనతో మెలగమని నిసా సూరా బోధిస్తుంది. హజ్రత్ అష్అస్ బిన్ ఖైస్ (రజి) కు, ఒక యూదునికి మధ్య నేల తగాదా వచ్చినప్పుడు ప్రవక్త (స) ముందుగా సాక్ష్యం అడిగింది దావా వేసిన తమ సహచరుణ్ణే. ఆయన వద్ద సాక్ష్యం లేకపోయేసరికి ప్రమాణం చేసే అవకాశాన్ని ఆ యూదునికి ఇచ్చారు. మనవాడు గదా అన్న మాట ఆ సభలో వినబడలేదు.

మస్జిదుకు సైతం మినహాయింపు లేదు. మదీనాలో ప్రవక్త (స) మస్జిదు కట్టదలచిన స్థలం ఇద్దరు అనాథ బాలురది. వారు దానిని ఉచితంగా ఇవ్వజూపినా ఆయన స్వీకరించక, ధర చెల్లించి కొన్నారు. వుజూఖానా కోసం పక్కింటి సందులోకి రెండడుగులు జరిగే కమిటీలు దీనిని గుర్తుంచుకోవాలి.

చివరగా క్షమాపణ విషయం. పొరుగువాడు ‘నేను వదిలేశాను, ఉంచుకోండి’ అంటే అది గొప్ప ఔదార్యం, స్వీకరించవచ్చు. అయితే ఎంత నేల వదులుతున్నాడో అతనికి తెలిసి ఉండాలి. ఆ నేల అతని ఒక్కడిదే అయి ఉండాలి. తండ్రి నుండి వచ్చిన స్థలమైతే అందులో అతని అక్కచెల్లెళ్ళకూ వాటా ఉంది, తల్లికీ వాటా ఉంది. అన్న ఒక్కడు తల ఊపితే చెల్లెలి వాటా హలాల్ కాదు. మైనరు పిల్లల వాటాను ఎవరూ దానం చేయలేరు.

కొలతలు కుదరక, పత్రాలు చాలక, ఎవరిది ఎంతో తేలని సందర్భాలూ ఉంటాయి. ఇద్దరు అన్సారీ సహచరులు పాత వారసత్వపు ఆస్తి ఒకదానిని గురించి తగాదాపడి దైవప్రవక్త (స) వద్దకు వచ్చారు. ఇద్దరి వద్దా సాక్ష్యాలు లేవు. అన్యాయంగా తీసుకున్నది అగ్ని ముక్క అన్న హెచ్చరికను ఆయన వారికి వినిపించారు. ఆ మాట విని ఇద్దరూ ఏడ్చారు. నా హక్కు నా సోదరునికే అని ఒకరితో ఒకరు అన్నారు. అప్పుడు ప్రవక్త (స), అలాగైతే వెళ్ళి పంచుకోండి, న్యాయాన్ని వెతకండి, వంతులకు చీట్లు వేసుకోండి, ఆపైన ఒకరినొకరు క్షమించుకోండి అన్నారు. అబూ దావూద్‌లో ఉన్న ఉదంతమిది.